పిల్లల తరఫున ఉచితంగా నిలబడే వకీలుకు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పని ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ చెడుతుంది

బళ్లకు వెళ్లి పిల్లల హక్కుల మీద గంటసేపు మాట్లాడి రావడం మంచి పనే. కానీ ఈ రెండు జిల్లాల్లో పిల్లలకు కొరత ఉపన్యాసాలు కాదు. ఎఫ్‌ఐఆర్ పడిన రోజు నుంచి పరిహారం డబ్బు ఖాతాలో పడే రోజు దాకా ఒకే ఫైలును వదలకుండా పట్టుకునే వకీలు దొరకడం కష్టం. అందుకే ఏడాదికి రెండు, మహా అయితే మూడు ఫైళ్లకు మించి ఒప్పుకోకండి. ఇరవై ఒప్పుకుని వాయిదాకు ఒక్కో జూనియర్‌ను పంపితే ఆ బిడ్డకు ప్రతిసారీ కొత్త ముఖం ఎదురవుతుంది. జరిగినదంతా ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వస్తుంది.

1. ఏ దారిలో చేరాలి

దారులు మూడు. మొదటిది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్. నెల్లూరులోనూ ఒంగోలులోనూ కోర్టు ఆవరణలోని న్యాయ సేవా సదన్‌లో కార్యదర్శిని కలిసి దరఖాస్తు ఇవ్వాలి. మామూలుగా మూడేళ్ల ప్రాక్టీసు నిండినవారినే ప్యానెల్‌లోకి తీసుకుంటారు. దరఖాస్తులో 'పిల్లల కేసులు' అని విడిగా రాయండి, లేకపోతే వచ్చిన కేసల్లా మీకే అంటగడతారు. ఈ పనికి సంస్థ గౌరవ రుసుము ఇస్తుంది, కక్షిదారు దగ్గర మాత్రం రూపాయి కూడా తీసుకోకూడదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం పిల్లలకు ఆదాయ పరిమితి లేదు. తెల్ల కార్డు తెమ్మని, ఆదాయ ధ్రువపత్రం తెమ్మని ఎవరైనా తిప్పుతుంటే ఆ సెక్షన్ చూపించండి.

రెండోది కేంద్ర న్యాయ శాఖ నడిపే న్యాయబంధు. బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ వివరాలతో నమోదై, ఏ కోర్టులో ఏ రకం కేసులు చేస్తారో చెప్పాలి. ఇది పూర్తిగా ఉచిత సేవ.

మూడోది పిల్లల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు నేరుగా సాయపడటం. ఇక్కడ ముందే ఒక కాగితం రాసుకోవాలి. మీ కక్షిదారు బిడ్డా, సంస్థా అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. బిడ్డకు మంచిదీ సంస్థ ప్రచారానికి మంచిదీ ఒకటి కాని రోజు తప్పకుండా వస్తుంది. ఆ రోజు మీరు ఎవరి పక్షమో ముందే తేలి ఉండాలి.

మూడేళ్లు నిండని జూనియర్లు సీనియర్ వకాలతు కింద కాగితాల పని చేయవచ్చు. వయసు పత్రాలు తెప్పించడం, పరిహారం దరఖాస్తు తయారుచేయడం, వాయిదాల పట్టిక రాయడం లాంటివి. ఎక్కువ ఫైళ్లు ఆగిపోయేది ఈ పనుల దగ్గరే.

2. ఒప్పుకునే ముందు

కావలి, కందుకూరు, మార్కాపురం లాంటి ఊళ్లలో బార్ చిన్నది. నిందితుడి బెయిలు దరఖాస్తు మీ సీనియరే వేసి ఉండవచ్చు, లేదా మీ ఆఫీసు గుమాస్తాకు అతను దగ్గరి బంధువు కావచ్చు. వకాలతు మీద సంతకం పెట్టించుకునే ముందే నిందితుల పేర్లు, ఊరు, బంధుత్వాలు ఆరా తీయండి. ఏ కొంచెం ముడి ఉన్నా కేసు మరొకరికి అప్పగించండి. విచారణ మధ్యలో తప్పుకుంటే బిడ్డ పక్షం అక్కడే బలహీనపడిపోతుంది.

ఒక పేజీలో ఫోన్ నంబర్లు రాసి డైరీలో అతికించుకోండి: చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, పోలీసు 112, న్యాయ సేవల ఉచిత నంబరు 15100, సైబర్ మోసాలకు 1930. వాటి కింద బాలల సంక్షేమ సమితి చైర్‌పర్సన్, జిల్లా బాలల పరిరక్షణ అధికారి, జువెనైల్ జస్టిస్ బోర్డు (నేరారోపణ ఉన్న పిల్లల కేసులు చూసేది), వన్ స్టాప్ సెంటర్, మీ మండలంలోని సీడీపీఓ (అంగన్‌వాడీలను చూసే శిశు అభివృద్ధి అధికారి). ఏ పోలీసు స్టేషన్ ఏ సమితి కిందికి వస్తుందో కూడా రాసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల సరిహద్దులు మారినప్పటి నుంచి కందుకూరు, అద్దంకి, గూడూరు వైపు ఈ గందరగోళం ఎక్కువ. తప్పు ఆఫీసుకు వెళ్లి తిరిగొస్తే సగం రోజు పోతుంది. మొదటి రోజున సగం రోజంటే తక్కువేమీ కాదు.

3. మొదటి ఇరవై నాలుగు గంటలు

పోక్సో కేసు, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింద కేసు అనుకుందాం. సమాచారం అందిన ఇరవై నాలుగు గంటల్లో పోలీసులు ఆ విషయం బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక కోర్టుకు తెలియజేయాలి. నిందితుడు అదే ఇంట్లో ఉంటున్నా, బిడ్డకు ఇల్లే లేకపోయినా ఆ గడువులోనే బిడ్డను సమితి ముందుకు తీసుకురావాలి. మీరు చేయాల్సింది ఈ రెండూ జరిగాయా అని స్టేషన్‌లో అడగడం, జరిగితే ఆ కాగితం నకలు తీసుకోవడం. 'మా పరిధి కాదు' అంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) వేయమనండి. అదీ కాదంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతి చట్టం) 173వ సెక్షన్ కింద ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లండి.

వాంగ్మూలం బిడ్డ ఇంట్లోగానీ, బిడ్డ కోరిన చోటగానీ తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫాం వేసుకోకూడదు. రాత్రిపూట ఏ కారణం చేతనైనా బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు. ఆడపిల్ల అయితే వైద్య పరీక్ష మహిళా డాక్టరే చేయాలి.

సపోర్ట్ పర్సన్‌ను నియమించమని సమితికి మొదటి వారంలోనే మెమో ఇవ్వండి. సపోర్ట్ పర్సన్ బిడ్డ పక్కన ఉండే మనిషి, మీరు బిడ్డ హక్కు తరఫున మాట్లాడే మనిషి. రెండు పాత్రలూ మీరే పోషించకండి. రేపు అవతలి వకీలు 'పాఠం చెప్పించారు' అన్నప్పుడు ఈ తేడాయే బిడ్డను కాపాడుతుంది.

తిండికి, బట్టలకు, రాకపోకలకు తక్షణం డబ్బు కావాలంటే పోక్సో నియమాలు 2020లోని 8వ నియమం కింద సమితి సిఫార్సు చేయగలదు. సిఫార్సు అందిన వారంలోపు డబ్బు ఇవ్వాలి. ఈ నియమాన్ని అడిగేవారు తక్కువ కాబట్టి అది కాగితంలోనే మిగిలిపోతోంది. ఉదయగిరి కొండ పల్లెల నుంచి నెల్లూరు కోర్టుకు తల్లీ బిడ్డా వచ్చి పోవాలంటే బస్సు చార్జీలూ, పోగొట్టుకున్న కూలీ కలిపి ఎంతవుతుందో లెక్క రాసి జతచేయండి.

4. వయసు తేల్చే కాగితం

పిల్లల కేసులు ఎక్కువగా కూలేది ఇక్కడ. జువెనైల్ జస్టిస్ చట్టం 2015లోని 94వ సెక్షన్ వరుస చెప్పింది. మొదట బడి ఇచ్చే పుట్టిన తేదీ ధ్రువపత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష, అదీ ఆదేశించిన పదిహేను రోజుల్లో పూర్తికావాలి.

బడి నుంచి టీసీ నకలు తెచ్చి సరిపెట్టడం ఇక్కడ అలవాటైపోయింది. టీసీ, అడ్మిషన్ రిజిస్టర్ నకళ్లు ఆ సెక్షన్ అడిగిన పత్రాలు కావని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. హెడ్‌మాస్టర్ దగ్గర 'పుట్టిన తేదీ ధ్రువపత్రం' అనే పేరుతోనే, సంతకం, ముద్ర, తేదీతో తీసుకోండి. ఆ హెడ్‌మాస్టర్‌ను సాక్షుల జాబితాలో చేర్చమని పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు ముందే చెప్పండి. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని కూడా 2024లో తీర్పు వచ్చింది. యానాది కాలనీల్లో, బట్టీల దగ్గర పుట్టిన పిల్లలకు చాలాసార్లు ఏ కాగితమూ ఉండదు. అంగన్‌వాడీ రిజిస్టర్‌లోనూ టీకాల కార్డులోనూ తేదీ వెతకండి. 94వ సెక్షన్ వరుసలో అవి లేకపోయినా, ఆలస్యంగా జనన నమోదు చేయించుకోవడానికి ఆధారంగా పనికొస్తాయి.

5. బిడ్డతో మాట్లాడటం

జరిగిన సంగతి మళ్లీ చెప్పించకండి. మేజిస్ట్రేట్ తీసుకున్న వాంగ్మూలం, వైద్య నివేదిక చదువుకుని వెళ్లండి. నల్లకోటు తీసేసి వెళ్లండి. బిడ్డ నమ్మే పెద్దవాళ్లు ఒకరు గదిలో ఉండాలి, తలుపు మూసి మీరిద్దరే ఉండటం ఎప్పుడూ వద్దు. పదేళ్లలోపు పిల్లలు ఇరవై నిమిషాలకు మించి నిలవలేరు, అంతకు ముందే ఆపండి. ఫోన్‌లో రికార్డు చేయకండి.

మొదటి కలయికలో మీరు చెప్పాల్సినవి మూడే. 'తెలియకపోతే తెలియదు అను. అర్థం కాకపోతే మళ్లీ అడగమను. అలసిపోతే ఆపమను.' ప్రత్యేక కోర్టు విచారణ మధ్య మధ్య విరామం ఇవ్వాలని పోక్సో 33వ సెక్షన్‌లోనే ఉంది. కాబట్టి ఇది మీరిచ్చే ధైర్యవచనం కాదు, బిడ్డకు చట్టం ఇచ్చిన హక్కు.

శరీర భాగాలకు బిడ్డ వాడిన మాటనే ఫైలులో ఉంచండి. దాన్ని గ్రాంథికంలోకి మారిస్తే, సాక్ష్యం రోజు బిడ్డ తన మాట తాను చెప్పినప్పుడు రెండూ కలవవు. అప్పుడు వాంగ్మూలం పోలీసులు అల్లిందని వాదిస్తారు. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చిన కుటుంబాల పిల్లలకు దుబాసీ కావాలని 38వ సెక్షన్ కింద ముందుగానే అడగండి. బట్టీ మేస్త్రీని దుబాసీగా పెట్టడం ఘోరమైన తప్పు.

సాక్ష్యానికి ముందు ఖాళీ కోర్టు హాలు చూపించండి. జడ్జి ఎక్కడ కూర్చుంటారో, నిందితుడు తనకు కనబడకుండా తెర ఎక్కడ ఉంటుందో చూపించండి. జవాబులు మాత్రం నేర్పకండి. ఒక్క వాక్యం నేర్పినా అవతలి వకీలు క్రాస్ ప్రశ్నల్లో బయటపడుతుంది, దాంతోపాటు బిడ్డ చెప్పిన నిజాలన్నీ కొట్టుకుపోతాయి.

6. కోర్టులో మీ స్థానం

పోక్సో 40వ సెక్షన్ ప్రకారం బిడ్డ కుటుంబం సొంత వకీలును పెట్టుకోవచ్చు. కేసు నడిపేది మాత్రం ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటరే, మీరు ఆయనకు తోడు. సాక్ష్యం ముగిశాక కోర్టు అనుమతితో రాతపూర్వక వాదన ఇవ్వవచ్చు. ప్రాసిక్యూటర్‌తో పోటీకి దిగకండి. తేదీల పట్టిక ఒక పేజీ, వయసు పత్రాలు, అడగాల్సిన ప్రశ్నల జాబితా తయారుచేసి ఇవ్వండి. చేతినిండా కేసులున్న ప్రాసిక్యూటర్‌కు అంతకంటే పెద్ద సాయం లేదు.

కోర్టు కేసును విచారణకు స్వీకరించిన (కాగ్నిజెన్స్ తీసుకున్న) 30 రోజుల్లో బిడ్డ సాక్ష్యం, వీలైనంతవరకు ఏడాదిలోగా మొత్తం విచారణ ముగించాలని 35వ సెక్షన్ చెబుతోంది. వాయిదా పడ్డ ప్రతిసారీ కారణం రాసుకోండి. మూడో వాయిదాకు ఆ పట్టికతో మెమో వేయండి. నిందితుడి వకీలు ప్రశ్నలు నేరుగా బిడ్డను అడగకూడదు, జడ్జి ద్వారానే అడగాలి. ఇది రోజూ పాటించని కోర్టులో మొదటి ప్రశ్నకే మర్యాదగా లేచి చెప్పండి. పదో ప్రశ్నకు లేస్తే అప్పటికే బిడ్డ నోరు మూసుకుపోయి ఉంటుంది.

ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని రాజీ చేస్తామంటారు. పోక్సో నేరాలు రాజీకి పనికిరావు. రాజీ అయిందని పోక్సో కేసు కొట్టేయడాన్ని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తప్పుబట్టింది. కుటుంబానికి ఈ సంగతి మొదటి వారంలోనే, నచ్చజెప్పే ధోరణిలో వివరించండి. డబ్బు తీసుకున్న తర్వాత చెబితే తల్లిదండ్రులే మీ నుంచి మొహం చాటేస్తారు.

నేరారోపణ ఉన్న పిల్లల వైపు ఉచితంగా నిలబడేవారు ఇంకా తక్కువ. వాళ్లను లాకప్‌లోనో జైల్లోనో పెట్టకూడదు, ఇరవై నాలుగు గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుంచాలి. జువెనైల్ జస్టిస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం బెయిలు రావడమే మామూలు, రాకపోవడం మినహాయింపు. చిన్న నేరాల విచారణ నాలుగు నెలల్లో, పొడిగించినా మరో రెండు నెలల్లో ముగియకపోతే అది రద్దయిపోతుంది. ఆ తేదీ దాటినా తిరుగుతున్న పిల్లలు ఉన్నారేమో బోర్డు జాబితాలో మీరే చూడండి.

7. పరిహారం

తీర్పు దాకా ఆగకండి. పోక్సో నియమాల్లోని 9వ నియమం కింద మధ్యంతర పరిహారం ఎఫ్‌ఐఆర్ తర్వాత ఏ దశలోనైనా అడగవచ్చు. నిందితుడు దొరకకపోయినా, విడుదలైనా కూడా బిడ్డకు నష్టం జరిగిందని కోర్టు భావిస్తే పరిహారం ఇప్పించవచ్చు. ఆదేశం అందిన 30 రోజుల్లో డబ్బు చెల్లించాలి.

డబ్బు ఆగేది ఎక్కువగా బ్యాంకు దగ్గరే. బిడ్డ పేరు ఆధార్‌లో ఒకలా, బడిలో ఒకలా ఉంటుంది. దరఖాస్తుకు ముందే సరిచేయించండి. నిందితుడు తండ్రో మామో అయితే అతని పేరు ఖాతాలో ఉండకూడదు. తల్లి పేరుతోనో, సమితి ఆమోదించిన సంరక్షకుల పేరుతోనో ఖాతా తెరిపించండి. పెద్ద మొత్తమైతే పద్దెనిమిదేళ్లు నిండేదాకా డిపాజిట్‌లో ఉంచి, చదువుకు వడ్డీ తీసుకునేలా ఆదేశం కోరండి. అర్హులైన పిల్లలకు కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది, దానికి దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో విడిగా ఇవ్వాలి.

8. పనిలో చిక్కిన పిల్లలు, పెళ్లిపీటల మీది పిల్లలు

రొయ్యల గుంటల కాపలా, ఇటుక బట్టీలు, గ్రానైట్ పాలిషింగ్, పొగాకు బ్యారన్లు: పిల్లలు కనబడే చోట్లు ఇవి. పద్నాలుగేళ్ల లోపు వాళ్లను కూలి పనిలో పెట్టుకోవడమే నేరం. చీమకుర్తి క్వారీల్లాంటి గనుల్లోనైతే పద్దెనిమిది నిండేదాకా పెట్టుకోకూడదు. తల్లిదండ్రులు అడ్వాన్సు తీసుకుని బిడ్డను పనిలో పెట్టి ఉంటే అది వెట్టిచాకిరీ కూడా అవుతుంది. ఆ చట్టం 1976 నాటిది. ఆర్డీఓ లేదా సబ్ కలెక్టర్ విచారించి విడుదల పత్రం ఇవ్వాలి. ఆ పత్రం లేకుండా బాలకార్మికుల కేసు మాత్రమే పెట్టి ఇంటికి పంపేస్తే అప్పు అలాగే ఉంటుంది, బిడ్డ నెల తిరక్కుండా అదే గుంట దగ్గర తేలతాడు. విడుదల పత్రం ఉంటే అప్పు చట్టరీత్యా రద్దు. కేంద్ర పునరావాస పథకం కింద వెంటనే 30,000 రూపాయల దాకా సాయం అందుతుంది. పిల్లలకు 2 లక్షల దాకా ఉన్న మిగతా మొత్తం విచారణ ఫలితంతో ముడిపడి ఉంటుంది.

బాల్యవివాహం కబురు తరచూ ముహూర్తం ముందురోజు సాయంత్రం వస్తుంది. స్టేషన్‌లో 'చేయం' అని రాయించుకుని వదిలేస్తే, వారం తర్వాత మరో మండలంలోని గుడిలో తాళి పడుతుంది. 2006 చట్టం 13వ సెక్షన్ కింద ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ దగ్గర నిషేధ ఉత్తర్వు తీసుకోండి. తొందర ఉంటే నోటీసు లేకుండానే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వవచ్చు. అఫిడవిట్, శుభలేఖ ఫోటో, వయసు పత్రం చాలు. ఇరువైపుల తల్లిదండ్రులనే కాక పురోహితుణ్ణి, కల్యాణ మండపం యజమానిని కూడా పేర్లతో చేర్చండి. ఆ ఉత్తర్వు ఉండగా జరిగిన పెళ్లి మొదటి నుంచీ చెల్లదు. పెళ్లి ఏ ఊళ్లో చేసినా ఇదే వర్తిస్తుంది.

9. ఇక్కడి నుంచే బయటి దేశాల పని

మన జిల్లాల వాళ్లు అమెరికాలో, కువైట్‌లో ఉన్నారు కాబట్టి ఈ పని మీ దగ్గరికే వస్తుంది. దంపతులు విడిపోయి ఒకరు బిడ్డను తీసుకుని ఒంగోలు వచ్చేస్తారు, అక్కడి కోర్టు బిడ్డను తిరిగి పంపమంటుంది. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు, కాబట్టి ఆ ఉత్తర్వు ఇక్కడ దానంతటదే అమలు కాదు. అమరావతి హైకోర్టులో హెబియస్ కార్పస్ (బిడ్డను కోర్టు ముందుకు తెప్పించమనే పిటిషన్) వేసినా, బిడ్డ శ్రేయస్సే ముఖ్యమని, విదేశీ ఉత్తర్వు పరిగణించాల్సిన అంశాల్లో ఒకటని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. మీరు చేయగల మేలు ఒక పట్టిక: బిడ్డ ఎక్కడ ఎన్ని నెలలు పెరిగింది, ఏ బడి, ఏ భాష, ఏ డాక్టరు. విదేశీ పాస్‌పోర్టున్న బిడ్డ వీసా లేదా ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికిచ్చే కార్డు) గడువు మొదటి రోజే చూడండి.

తల్లి గల్ఫ్‌లో, బిడ్డ అమ్మమ్మ దగ్గర ఉంటే సంరక్షక పత్రాలు కావాలి. అపోస్టిల్ (పత్రం అసలైనదని విదేశాల కోసం వేసే ప్రభుత్వ ముద్ర) ఒప్పందంలో ఉన్న దేశానికైతే అపోస్టిల్ చాలు, లేని దేశానికి రాయబార కార్యాలయం ధ్రువీకరణ కావాలి. ఇది ముందే తెలుసుకోకపోతే అన్నీ రెండుసార్లు చేయాలి. తల్లి ఆచూకీ తెలియకపోతే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయించండి.

విదేశీ సంస్థలకు మన చట్టాల మీద పరిశోధన, తెలుగు అనువాదం, ఐరాస బాలల హక్కుల కమిటీకి ప్రత్యామ్నాయ నివేదికలో మన జిల్లా సంగతులు రాసివ్వడం లాంటివి ఇంట్లో కూర్చుని చేయవచ్చు. భారత్ 1992 డిసెంబరు 11న ఐరాస బాలల హక్కుల ఒడంబడికలో చేరింది. ఇక్కడి సంస్థ విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు ఉండాలి, అది చూడకుండా సంతకాలు చేయకండి.

బిడ్డ ఫోటో నెట్‌లో పాకితే ఆధారంగానైనా సరే దాన్ని మీ ఫోన్‌లో దాచుకోవద్దు, ఎవరికీ పంపవద్దు. ఉంచుకోవడమే పోక్సో 15వ సెక్షన్‌లో నేరమయ్యే పరిస్థితి ఉంది. లింకు, తేదీ, సమయం, ఖాతా పేరు కాగితం మీద రాసి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయించండి. అమెరికా సంస్థ నడిపే 'టేక్ ఇట్ డౌన్' సేవలో ఫోటో అప్‌లోడ్ చేయకుండానే బిడ్డ ఫోన్ నుంచి దాని డిజిటల్ ముద్రను పంపవచ్చు, పేరు చెప్పనక్కర్లేదు.

10. ఫైలు మూసే రోజు

తీర్పు నకలు, అప్పీలు గడువు కుటుంబానికి తెలుగులో ఒక పేజీలో రాసివ్వండి. పరిహారం జమ అయినట్టు పాస్‌బుక్ ఎంట్రీ చూసిన తర్వాతే మీ పని అయినట్టు. అసలు పత్రాలు తిరిగిచ్చి రసీదు తీసుకోండి. వాట్సాప్‌లో వచ్చిన వైద్య నివేదికలు, ఫోటోలు మీ ఫోన్ నుంచీ గుమాస్తా ఫోన్ నుంచీ తీసేయండి. బార్ గ్రూపులో గెలిచిన తీర్పు పెట్టాలనిపిస్తే బిడ్డ పేరే కాదు, ఊరు, బడి, తండ్రి పేరు కూడా చెరిపి పెట్టండి. గుర్తింపు బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల జైలు, 2 లక్షల జరిమానా దాకా పడవచ్చు, వకీలుకు దాన్నుంచి మినహాయింపు లేదు.